తొట్టి మరమ్మతు రోజుల్లో పగడాలకు, చేపలకు మకాం ఎక్కడ?

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గాజు తొట్టిని అంచుల దాకా నింపితే దాదాపు 255 లీటర్ల నీళ్లు పడతాయి. రాళ్లు, ఇసుక ఆక్రమించే చోటును, పైన వదిలే ఖాళీని తీసివేస్తే మిగిలేది 200 లీటర్ల చిల్లర. కడపలో మా ఇంటి ముందుగదిలో ఉన్న సముద్రపు తొట్టి సరిగ్గా ఆ కొలతలదే. ఒక రోజు ఉదయం స్టాండు మీది నాపరాయిపై తెల్లటి ఉప్పు చార కనిపించింది. కింది అంచున సిలికాన్ అతుకు వదులైందని, తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి అతుకులన్నీ గీకించి మళ్లీ వేయించక తప్పదని తేలింది. అద్దాల పనివాడు మూడు రోజుల పని అన్నాడు. చేపలు, పగడాలు తిరిగి తమ తొట్టిలోకి చేరేసరికి 19 రోజులు పట్టింది.

ఇలాంటి పరిస్థితి వచ్చినప్పుడు అందరి నోటా ముందుగా వచ్చే ప్రశ్న వీటిని దేంట్లో ఉంచాలన్నది. ఎన్నాళ్లు ఉంచాలన్నది దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న. ఒక పూటకైతే మూత ఉన్న బకెట్టు, గాలి పంపు చాలు. వారానికైతే 200 లీటర్ల డ్రమ్ము కూడా దానంతటది చాలదు. గడువు పెరిగేకొద్దీ ముంచుకొచ్చే ప్రమాదం మారిపోతూ ఉంటుంది. మొదటి గంటల్లో ప్రాణం తీసేది ప్రాణవాయువు కొరత, మొదటి మధ్యాహ్నం వేడి, రెండో రోజు నుంచి అమోనియా, వారం దాటాక ఉప్పదనంలో హెచ్చుతగ్గులు, నెల దగ్గరపడితే ఆకలి, వెలుతురు లేమి. అందుకే తాత్కాలిక నివాసాన్ని సామాను సర్ది పెట్టే గోదాముగా భావించకుండా, నిరాడంబరమైన రెండో తొట్టిగానే అమర్చాలి. పనివాళ్లు చెప్పిన గడువును మూడింతలు చేసుకుని దానికి సరిపడా ఏర్పాటు చేయడం మంచిదని నా అభిప్రాయం.

ఆలస్యమంతా పనివాడి బద్ధకం వల్లనే జరగదు, సిలికాన్ స్వభావమే నిదానం. అక్వేరియంలకు వాడేది ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేసే రకం. అది గాలిలోని తేమను పీల్చుకుంటూ పైపొర నుంచి లోపలికి గట్టిపడుతుంది కాబట్టి 24 గంటలకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతుకు మించి ఆరదు. గాలిలో తేమ తక్కువగా ఉండే రాయలసీమ వేసవిలో ఇంకా ఆలస్యమవుతుంది. పాత సిలికాన్‌పై కొత్తది సరిగా అతకదు, కనుక పాతదాన్ని బ్లేడుతో జాడ లేకుండా గీకాలి. బాత్‌రూముల కోసం బూజు పట్టకుండా మందు కలిపి అమ్మే సిలికాన్ తొట్టి జీవులకు విషం. మా తొట్టికి మొదట వేసింది ఆ రకమే. ట్యూబు మీది అక్షరాలు నేనే ముందుగా చదవకపోవడం వల్ల, దాన్ని గీకించి మళ్లీ వేయించడానికి వారం వృథా అయింది. అతుకులు ఆరాక మామూలు నీటితో నింపి రెండు మూడు రోజులు కారుడు పరీక్ష చేయాలి. ఈ రోజులన్నీ కలిపితే ఏ పొరపాటూ జరగకపోయినా పది రోజులు దాటుతుంది.

ముందే పెట్టాల్సిన తోడు

సముద్రపు తొట్టిని శుభ్రంగా ఉంచేది నీళ్లు కావు. రాళ్ల రంధ్రాల్లో, ఇసుక రేణువుల మీద, ఫిల్టరు స్పాంజిలో పొరలా అంటుకుని బతికే సూక్ష్మజీవులు ఆ పని చేస్తాయి. వాటిలో ఒక వర్గం చేపల విసర్జన నుంచి వచ్చే అమోనియాను నైట్రైటుగా, మరో వర్గం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఈ పొర కొత్త తొట్టిలో సొంతంగా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత నీళ్లను జాగ్రత్తగా డ్రమ్ముల్లో పట్టి ఉంచుకుంటే సూక్ష్మజీవులు కూడా వచ్చేస్తాయని చాలామంది నమ్ముతారు. నీటిలో తేలియాడేవి బహు కొద్ది. పాత నీటి వల్ల కలిగే మేలు వేరు: ఉప్పదనం, క్షారత, పీహెచ్ జీవులకు అలవాటైనవే ఉంటాయి గనుక వాటికి కుదుపు ఉండదు.

సూక్ష్మజీవులు లేని టబ్బులో ఏమి జరుగుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక గ్రాము ఎండు మేతలో సగం ప్రొటీన్ అనుకుంటే అందులో 80 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉంటుంది. చేప తిన్న నైట్రోజన్‌లో సగానికి పైగా మొప్పల గుండా అమోనియాగానే బయటికి వస్తుంది. ఆ లెక్కన గ్రాము మేతకు 40 నుంచి 50 మిల్లీగ్రాములు. అది 100 లీటర్ల టబ్బులో కలిస్తే లీటరుకు దాదాపు అర మిల్లీగ్రాము. అంటే చిటికెడు మేత రెండు పూటలు వేస్తే చాలు, టెస్ట్ కిట్‌లో రంగు ఆకుపచ్చగా మారుతుంది. మంచినీటి చేపలు పెంచి అలవాటైన వాళ్లకు ఈ అంకె చిన్నదిగా కనిపిస్తుంది. కానీ అమోనియా విషం పీహెచ్‌ను బట్టి ఉంటుంది. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం కూడా కాదు. సముద్రపు నీటికి సహజమైన 8.2 దగ్గర ఆ వాటా పది రెట్లకు పైగా పెరుగుతుంది. మరోవైపు మంచినీటిలో భయపెట్టే నైట్రైటు, సముద్రపు నీటిలోని క్లోరైడు అడ్డుపడడం వల్ల చేపలకు అంత హాని చేయదు. అందువల్ల మరమ్మతు రోజుల్లో రోజూ తప్పక కొలవాల్సింది అమోనియానే.

దీనికి మందు మరమ్మతు మొదలైన రోజున దొరకదు, నెల ముందే సిద్ధం చేసుకోవాలి. పాలు తోడుకోవాలంటే ముందునాటి పెరుగు చెంచాడైనా ఉండాలి కదా, ఇదీ అంతే. రెండు మూడు స్పాంజి ఫిల్టర్లను మూడు నాలుగు వారాల ముందుగా తొట్టి సంప్‌లో, అంటే తొట్టి నీరు తిరిగే ఫిల్టరు పెట్టెలో, పడేసి, నీటి ప్రవాహం తగిలేలా ఉంచితే వాటిలో సూక్ష్మజీవుల పొర పట్టేస్తుంది. మరమ్మతు రోజున వాటిని నీటితో తడిగానే తీసి టబ్బులో పెట్టి గాలి పంపుకు కలిపితే తాత్కాలిక నివాసానికి మొదటి గంట నుంచే ఫిల్టరు ఉన్నట్టు. తొట్టి హఠాత్తుగా కారడం మొదలైతే ఈ సమయం దొరకదు. అప్పుడు లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టిన గుల్ల రాళ్లు) ముక్కల్లో కొన్నింటిని చేపలున్న టబ్బులోనే ఉంచాలి, అవే ఫిల్టరు పని చేస్తాయి. రాళ్లన్నింటినీ ఒక డ్రమ్ములో, చేపలను వేరే డ్రమ్ములో వేరుచేసి పెట్టడం చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది కానీ, ఒకదానిలో పనిచేసేవాళ్లు ఉండి పని ఉండదు, మరొకదానిలో పని ఉండి పనిచేసేవాళ్లు ఉండరు.

మేత విషయంలో మనసు రాయి చేసుకోవాలి. చాలా సముద్రపు చేపలు మూడు నాలుగు రోజులు మేత లేకుండా ఏ ఇబ్బందీ లేకుండా ఉంటాయి. ఆ తర్వాత కూడా రోజు విడిచి రోజు, కంటి ముందే తినేసేంత మాత్రమే వేయాలి. ఆంథియాస్, మాండరిన్ వంటి రోజంతా కొరుకుతూ ఉండే చేపలు దీనికి మినహాయింపు. అవి ఉన్నవాళ్లు పస్తుకు బదులు రోజూ కొంత నీరు మార్చడానికి సిద్ధపడాలి.

నీళ్ల లెక్క

కడపకు దగ్గరి సముద్రం నెల్లూరు తీరం. పగడాల కోసం కడపవాళ్లు చెన్నై వైపు, అనంతపురం వాళ్లు బెంగళూరు వైపు, కర్నూలు వాళ్లు హైదరాబాద్ వైపు చూస్తారు. కాబట్టి ఇక్కడ సముద్రపు నీరంటే ఇంట్లో కలుపుకున్న నీరే. లీటరుకు 35 గ్రాముల ఉప్పదనం, అంటే 25 డిగ్రీల దగ్గర దాదాపు 1.026 సాపేక్ష సాంద్రత రావాలంటే, అక్వేరియం ఉప్పు తనలో కొంత తేమను దాచుకుని ఉంటుంది కాబట్టి లీటరుకు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది. 100 లీటర్ల అత్యవసర నిల్వకు నాలుగు కిలోల ఉప్పు ఉంచుకుంటే సరిపోతుంది. కలిపిన నీటిని కనీసం ఒక రోజు చిన్న పంపుతో తిప్పాలి. అప్పటికప్పుడు కలిపిన నీరు చేపల మొప్పలను, పగడాల మెత్తటి కండను కాలుస్తుంది. అంతకంటే పెద్ద తప్పు, జీవులున్న టబ్బులోకి పొడి ఉప్పును నేరుగా వేయడం.

ఉప్పు కలిపే మంచినీరు ఎక్కడిదన్నది మన జిల్లాల్లో చిన్న విషయం కాదు. అనంతపురం బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. తమాషా ఏమిటంటే సహజమైన సముద్రపు నీటిలోనే లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది, పగడాలకు అది కొత్త కాదు. బోరు నీటిలో అసలు చిక్కు నైట్రేటు, సిలికా, విపరీతమైన కఠినత్వం. అందుకే ఆర్‌ఓ నీళ్లే వాడాలి. వీధి చివర ప్లాంటులో దొరికే 20 లీటర్ల క్యాను అత్యవసరానికి పనికొస్తుంది కానీ, దాన్ని కళ్లు మూసుకుని పోయకుండా నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచి చూడాలి. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను కూడా తీసేసే డీఐ గొట్టం ఉన్న ఇంటి యంత్రంలో మీటరు సున్నా చూపిస్తుంది. ప్లాంటు నీటిలో 50 నుంచి 100 దాకా ఉండడం మామూలు, రుచి కోసం కొందరు ఖనిజాలు కలుపుతారు కూడా. రెండు మూడు వారాల తాత్కాలిక నివాసానికి అది సర్దుకోదగినదే, శాశ్వతంగా మాత్రం కాదు.

పాత్ర విషయం త్వరగా చెప్పుకోవచ్చు. ఆహార పదార్థాలకు వాడే ప్లాస్టిక్ టబ్బులు, మూతలున్న కొత్త నీలం డ్రమ్ములు, నీళ్ల ట్యాంకుల రకం పాత్రలు సరిపోతాయి. మందులు, రసాయనాలు వచ్చిన పాత డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినా వాడకూడదు. రాగి, ఇత్తడి, జస్తా పూత బకెట్లు ఎక్కడా నీటిని తాకకూడదు. రాగి లేశమాత్రం కరిగినా రొయ్యలు, నత్తలు, పగడాలు చనిపోతాయి. ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ ఉన్న పాత్ర మేలు, ఎందుకంటే నీటి ఉపరితలం ఎంత విశాలమైతే గాలి అంత బాగా కలుస్తుంది. నిండు డ్రమ్ము బరువు 200 కిలోలు దాటుతుంది గనుక దాన్ని ఎక్కడ పెడితే అక్కడే ఉంటుందని గుర్తుంచుకుని ముందే చోటు చూసుకోవాలి. చేపలు దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు చాలు. ఇంట్లో మిగిలిన నాపరాతి ముక్కలు వేయవచ్చా అని ఒకరిద్దరు అడిగారు. నాపరాయి కూడా సున్నపురాయే, పగడపు అస్థిపంజరంలో ఉండే కాల్షియం కార్బొనేటే అందులోనూ ప్రధానం. కానీ అది గుల్లతనం లేని గట్టి రాయి. సూక్ష్మజీవులు ఇల్లు కట్టుకోవడానికి రంధ్రాలు లేవు కాబట్టి అది లైవ్ రాక్ చేసే పని చేయదు. తొట్టికి పీఠంగా ఉండడమే దానికి తగిన ఉద్యోగం.

వేడి, ఆవిరి

కడప, అనంతపురం, కర్నూలు ఊళ్లలో మరమ్మతును కార్తీకం నుంచి పుష్యం మధ్య పెట్టుకోగలిగితే సగం కష్టం తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటడం మామూలే, ఏసీ లేని గదిలో టబ్బు నీరు మధ్యాహ్నానికి 32, 33 దగ్గర నిలుస్తుంది. పగడాలకు అనువైనది 25 నుంచి 27. సముద్రంలో మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం తన కండలో ఆశ్రయమిచ్చిన సూక్ష్మ శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబారుతుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో మన్నార్ సింధుశాఖలో జరిగింది అదే. సముద్రంలో వారాల్లో జరిగే నష్టం, ఏడెనిమిది డిగ్రీలు ఒకేసారి పెరిగే చిన్న టబ్బులో ఒక మధ్యాహ్నంలో జరుగుతుంది.

వేడి మరో దారిలో కూడా దెబ్బతీస్తుంది. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా ప్రాణవాయువు కరుగుతుంది. అదే వేడిమిలో సముద్రపు నీరు పట్టుకోగలిగేది 6.8, 30 డిగ్రీలకు చేరితే 6.2 మాత్రమే. వేడెక్కిన చేపకు అవసరం పెరుగుతూ ఉండగా సరఫరా తగ్గుతూ ఉంటుంది. అందువల్ల గాలి పంపు, నీటిని కదిలించే వేవ్‌మేకర్ రెండూ ఉండాలి, కరెంటు పోయినా ఆగకూడదు. వీటి వాడకం పది ఇరవై వాట్లకు మించదు కాబట్టి ఇంటి ఇన్వర్టరు రాత్రంతా మోస్తుంది. ఏసీని, హీటర్‌ను అది మోయలేదు. ఇన్వర్టరు లేని ఇళ్లలో బ్యాటరీ గాలి పంపు తప్పనిసరి.

చల్లబరచడానికి చిల్లర్ కొనాల్సిన పనిలేదు. ఇక్కడి పొడిగాలి ఈ ఒక్క విషయంలో మనకు చుట్టం. కుండలో నీళ్లు చల్లబడేది ఏ కారణం చేతనో, టబ్బు మీద పెట్టిన చిన్న ఫ్యాను నీటిని చల్లబరిచేది కూడా ఆ కారణం చేతనే. 100 లీటర్లలో ఒక లీటరు ఆవిరైతే, అది తనతో తీసుకుపోయే వేడి మిగిలిన నీటిని అయిదారు డిగ్రీలు తగ్గించడానికి సరిపోయేంత. గది నుంచి తిరిగి చేరే వేడి వల్ల ఆచరణలో అంత తగ్గదు, రెండు మూడు డిగ్రీలు దక్కుతుంది. గాలిలో తేమ నిండిన విశాఖపట్నంలో ఇదే ఫ్యాను ఇంత పని చేయదు. సముద్రం ఒడ్డున లేని సౌకర్యం సముద్రానికి దూరంగా ఉన్న మనకు ఉండడం విచిత్రమే. అయితే ఇంట్లో ఎయిర్ కూలర్ తిరుగుతుంటే గదిలో తేమ పెరిగి ఫ్యాను పని మందగిస్తుంది. టబ్బున్న గదిలో కూలర్ వద్దని ఇంట్లోవాళ్లను ఒప్పించడం మరమ్మతులోకెల్లా కష్టమైన పని కావచ్చు. మరీ వేడి రోజున ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన లీటరు నీళ్ల సీసాను మూత బిగించి టబ్బులో తేలవేస్తే 100 లీటర్ల నీరు దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. ఒకేసారి నాలుగు సీసాలు వేయడం మాత్రం వేడి కంటే పెద్ద కుదుపు. చుట్టూ థర్మోకోల్ పలకలు కడితే పగటి వేడి లోపలికి, పుష్యమాసపు రాత్రి చలి నీటిలోకి నిదానంగా చేరతాయి.

ఆవిరికి ఒక మూల్యం ఉంది. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. 100 లీటర్ల టబ్బు నుంచి ఫ్యాను గాలికి నాలుగు లీటర్లు ఆవిరైతే 35 ఉన్న ఉప్పదనం 36.5కు చేరుతుంది. నాలుగు రోజులు పట్టించుకోకపోతే 41, 42 దాకా పోతుంది. పెద్ద తొట్టిలో రోజుకొకసారి చూసుకునే పనిని చిన్న టబ్బులో పూటకొకసారి చూసుకోవాలి. టబ్బు గోడ మీద మార్కరుతో గీత గీసి, నీరు గీత కిందికి దిగినప్పుడల్లా ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లు పోయాలి. మా ఇంట్లో ఆ గీత బాధ్యత పదేళ్ల మా అమ్మాయిది. నేను కొన్న ఏ పరికరం కంటే నమ్మకంగా పనిచేసింది అదే.

ఎవరిని ఎవరితో ఉంచాలి

పెద్ద తొట్టిలో ఏడాదిగా శాంతంగా ఉన్న జీవులు టబ్బులో శత్రువులు కావచ్చు. డామ్సెల్ చేపలు ఇరుకు చోట మిగతావాటిని తరిమి చంపుతాయి కాబట్టి వాటిని విడిగా ఉంచాలి, లేదా రంధ్రాల ప్లాస్టిక్ బుట్టను టబ్బులోనే వేలాడదీసి అందులో వేయాలి. క్లౌన్ చేపలతో అంత చిక్కు లేదు. తమిళనాడులో మండపం అనే ఊళ్లో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్ల అభివృద్ధి చేసిన పద్ధతుల్లో హేచరీలో పుట్టినవైతే, ఖాళీ టబ్బు వాటికి పుట్టిల్లు లాంటిదే. నీరు కుదురుకునేదాకా ఎగిరి పడే అలవాటున్న చేపలెన్నో ఉన్నాయి. పైన దోమతెర బిగించి కట్టకపోతే ఉదయానికి నేల మీద దొరుకుతాయి.

పగడాల గొడవ కంటికి కనిపించదు. తోలులా మెత్తగా ఉండే లెదర్ కోరల్స్, తమను కదిలించినప్పుడు పక్కవాటిని దూరంగా ఉంచే రసాయనాలు వదులుతాయి. 200 లీటర్లలో పలచబడే ఆ రసాయనం 40 లీటర్లలో చిక్కనవుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఒకటి ప్రవాహంలో ఉంచడం, లెదర్ కోరల్స్‌ను వీలైతే వేరే టబ్బులో పెట్టడం దీనికి విరుగుడు. కడలి పువ్వులు, అంటే అనిమోన్లు, స్థలం నచ్చక నడిచి వెళ్లి వేవ్‌మేకర్‌లో ఇరుక్కుని ముక్కలై టబ్బంతా విషం చేయగలవు. వాటికి పంపు లేని, బుడగలు వదిలే గాలి రాయి మాత్రమే ఉన్న సొంత టబ్బు ఉండాలి. రాతి పగడాల మాట ఇక్కడ ఎక్కువగా ఎత్తలేదు. మన సముద్రాల్లో పగడపు దిబ్బలు కట్టే పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుంచి ఉన్నాయి. వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం.

మనుషులకు ప్రమాదం కలిగించేవి జోయాంథిడ్లు. గుండీల్లా గుంపులుగా పెరిగే ఈ పగడాల బంధువుల్లో, ముఖ్యంగా పాలిథోవా జాతుల్లో, పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండవచ్చు. 1971లో హవాయి నుంచి సేకరించిన అలాంటి జీవి నుంచే శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేశారు. తొట్టి ఖాళీ అయింది కదా అని రాయి మీద అనవసరంగా పెరిగిన గుంపును బ్రష్‌తో రుద్దడం, ఆ రాయిని ఉడకబెట్టడం, వేడినీళ్లు పోయడం వల్ల విషం ఆవిరి తుంపరల్లో కలిసి ఇంట్లో అందరినీ ఆస్పత్రి పాలు చేయగలదు. రాళ్లను పట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. నోట్లో లోహపు చేదు, ఛాతీ బిగుతు, జ్వరం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లి, ఏ జీవిని తాకారో ఆ పేరు చెప్పాలి.

ఖాళీ చేసే వరస

పని మొదలుపెట్టే 20 నిమిషాల ముందు హీటర్ ఆపాలి. వేడిగా ఉన్న గాజు గొట్టం నీటి నుంచి బయటపడితే పగులుతుంది. ప్లగ్గులన్నీ నీటి మట్టం కంటే ఎత్తులో ఉండాలి, తీగ సాకెట్టు కంటే కిందికి వంగి పైకి వెళ్లేలా వదిలితే తీగ వెంట జారిన ఉప్పునీరు సాకెట్టులోకి పోదు. ఉప్పునీరు మంచినీటి కంటే ఎంతో బాగా విద్యుత్తును ప్రవహింపజేస్తుందన్నది తడి చేతులతో ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకునే ముందు గుర్తుండాలి.

ముందుగా నీరు కదలని స్థితిలో, పైభాగం నుంచి గొట్టంతో తేటనీటిని టబ్బుల్లోకి, డ్రమ్ముల్లోకి పట్టాలి. తర్వాత పగడాలున్న రాళ్లను తీయాలి. చాలా పగడాలు ఆటుపోట్లలో గాలికి తగిలి బతికేవే కాబట్టి ఒకటి రెండు నిమిషాలు బయట ఉన్నా ఫరవాలేదు. రాళ్లకు అంటుకున్న స్పాంజి జీవులు మాత్రం గాలి తగిలితే చనిపోయి కుళ్లుతాయి, ఆ రాళ్లను నీటిలోనే బకెట్టుతో ముంచి తీయాలి. చేపలను అప్పటిదాకా పట్టే ప్రయత్నం చేయకూడదు. రాళ్లన్నీ పోయి నీరు జానెడు మిగిలినప్పుడు అవి వాటంతటవే మూలకు చేరతాయి. వలతో అరగంట తరమడం కంటే గిన్నెతో నీటితో సహా తీయడం వాటికి మేలు. ఇసుకను ముట్టేది అందరూ బయటపడ్డాకే. ఏళ్లుగా కదలని ఇసుక అడుగున గాలి చేరని నల్లటి పొర ఉంటుంది, కదిలిస్తే కుళ్లిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అది చేపలకు ప్రాణాంతకం. ఆ ఇసుకను దాచుకోవాలన్న ఆశ నాకు లేదు. పైపొర నుంచి ఒక కప్పు తీసి కొత్త ఇసుకకు తోడుగా ఉంచుకుని మిగతాది పారేశాను.

టబ్బులో వెలుతురు గురించి పెద్దగా దిగులు పడక్కర్లేదు. తుపాను మబ్బుల్లోనూ, డబ్బాల్లో దూరప్రయాణాల్లోనూ పగడాలు రెండు రోజుల చీకటిని భరించినవే. వారం దాటే మకాంలో మాత్రం రోజుకు ఏడెనిమిది గంటలు ఓ మోస్తరు లైటు చాలు. పొరుగున ఎండ పడే కిటికీ వద్దు, వెలుతురుతో పాటు వేడి వస్తుంది.

తిరుగు ప్రయాణం

కొత్త అతుకుల తొట్టిలో నీళ్లు నింపి ఉప్పదనం, వేడిమి టబ్బుతో సరిపోయాక, ముందు రాళ్లు, స్పాంజులు వెళ్లాలి. పంపులు ఒక రోజు తిరిగాక అమోనియా కొలిచి సున్నా చూపిస్తేనే చేపలు. రాళ్లు డ్రమ్ములో ప్రవాహం లేకుండా పడి ఉంటే కొంత చచ్చిపోయి ఉంటుంది కాబట్టి ఈ ఒక్క రోజు నిరీక్షణ అనవసరం అనిపించినా వదలకూడదు. ఒకవేళ టబ్బులోనే అమోనియా పేరుకుపోయి పీహెచ్ పడిపోయి ఉంటే, చేపలున్న పాత్రలోకి చుక్క చుక్కగా కొత్త నీరు వదిలే మామూలు పద్ధతి ఎదురు తిరుగుతుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమోనియా విషరూపంలోకి మారుతుంది. అలాంటప్పుడు ఉప్పదనం, వేడిమి ఒకటే అయితే చేపను ఆ నీటి నుంచి తీసి నేరుగా తొట్టిలోకి వదలడమే క్షేమం. లైట్లను మొదటి వారం సగం వెలుగులో ఉంచి మెల్లగా పెంచాలి, మేతను కూడా అలాగే.

చేపలు వెళ్లిపోయినా టబ్బును ఇంకో వారం నడుస్తూనే ఉంచాలి. మా తొట్టి తిరిగి నిండిన మూడో రోజున లీటరుకు పావు మిల్లీగ్రాము అమోనియా కనిపించింది. రెండు క్లౌన్ చేపలను, రొయ్యను మళ్లీ టబ్బులోకి పంపి నాలుగు రోజులు ఆగాను. టబ్బు కడిగేసి ఉంటే వాటికి చోటే లేదు. చివరికి దాన్ని ఖాళీ చేసేటప్పుడు ఆ నీళ్లను పెరట్లో నిమ్మచెట్టుకు పోద్దామని ఇంట్లో ఒకరు అన్నారు. 100 లీటర్లలో మూడున్నర కిలోల ఉప్పు ఉంటుంది. అందుకే ఆ నీరు వీధి కాలువలోకి వెళ్లింది, స్పాంజి ఫిల్టర్లు మాత్రం తిరిగి సంప్‌లోకి వెళ్లాయి.